మన ఎస్సై గారికి దయ్యం పట్టిన రోజు

మనుషులకు దయ్యం పట్టడం మీరు చూసే ఉంటారు, కనీసం విని అయినా ఉంటారు. కానీ దయ్యాన్ని ఒక మనిషే తీసుకెళ్ళి ఇంకో మనిషికి పట్టించడం చూసి ఉండరు. నేను చూశాను. చూడటమేమిటి, నేనే పట్టించాను. అదీ అల్లాటప్పా మనిషికి కాదు, నడుముకు రివాల్వరు కట్టుకున్న సబ్ ఇన్‌స్పెక్టరుకు. మంత్రం చదవలేదు, ముగ్గు గీయలేదు, ఒక్క నిమ్మకాయ కోయలేదు. ఒక్క మాట మార్చాను. రెండంటే రెండక్షరాలు. ఆ దెబ్బకు పెనుకొండ పోలీస్ స్టేషన్లో పని ఆగిపోయింది, ధర్మవరంలో ఒక పెళ్ళి ఆగబోయింది, నా ఊపిరి పూర్తిగా ఆగి, కాసేపు ఆలోచించుకుని, మళ్ళీ మొదలైంది. ఆ భాగోతం చెబుతాను. మీరు నవ్వుకోండి. మీరంతా నవ్వగా ఏమైనా మిగిలితే నేను కూడా నవ్వుతాను.

తొంభైల చివరి సంగతి. నాకు ఇరవై మూడేళ్ళు. హిందూపురంలో బి.ఏ. ముగించి పెనుకొండకు తిరిగి వచ్చాను. నా డిగ్రీకి ఉద్యోగం దొరకలేదు గానీ నా గొంతుకు దొరికింది. ఖలీల్ భాయ్ అని నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, ఆయనకొక ఆటో ఉండేది. దాని నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్ గొట్టాలు, వెనక సీట్లో ఆంప్లిఫయరు, కాళ్ళ దగ్గర బ్యాటరీ, మిగిలిన సందులో నేను. ఊళ్ళో ఏది చాటాలన్నా మా ఆటోనే. పెట్రోలు ఆయన పోసేవాడు, ప్రాణం నేను పోసేవాణ్ణి. ఈ రెండో ముక్క నా సొంత అభిప్రాయం, ఖలీల్ భాయ్‌ని అడక్కండి.

మాకు రెండు రకాల పనులు. పొద్దున సర్కారు పని, ఆ తర్వాత సినిమా పని. సర్కారు పనికి ఒక గొంతు. "ఇందుమూలముగా పెనుకొండ పురప్రజలకు తెలియజేయడమేమనగా" అంటూ ఇస్త్రీ మడత నలగని గొంతు. సినిమా పనికి ఇంకో గొంతు. గరగరలాడుతుంది, మధ్యలో ఊపిరి బిగబడుతుంది, గుర్రం సకిలించినట్టు నవ్వి మరీ పిలుస్తుంది. ఊరివాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. మొదటి గొంతు వినబడితే బిందెలు బయట పెట్టేవాళ్ళు, రెండో గొంతు వినబడితే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్ళు. రేపు నీళ్ళు రావని నేను చెబితే వచ్చేవి కావు. కరెంటు పోతుందని చెబితే పోయేది. నిజానికి ఆ ఘనతంతా కరెంటు వాళ్ళది, కానీ ఊరు దాన్ని నా ఖాతాలోనే వేసింది, నేను కాదనలేదు.

ఆ రోజు పొద్దున సినిమా హాలు మేనేజరు నారాయణప్ప పిలిపించాడు.

"ఏం సూరీ, మధ్యాహ్నం నుంచి కొత్త పిచ్చర్ వేస్తాండాము. హిందూపురంలో నాలుగు దినాలకే ఎత్తేసినారు. ఈడ గూడా ఎత్తేస్తే ఇంగ నన్నే ఎత్తేస్తారు. గట్టిగా చెప్పబ్బా."

"సార్, నిన్ననే హిందూపురం పోయి రెండు ఆటలు చూసొచ్చినా. నాకు వదిలేయండి. ఊరు ఊగిపోవాల."

ఆ పిక్చరు పేరు 'రక్తం తాగిన టోపీ'. ఉరి తీసిన ఖైదీ ఒకడి ఆత్మ ఒక ఎస్సై టోపీలో దూరుతుంది. టోపీ తీసేస్తే ఆయన బంగారం, పెట్టుకుంటే భూతం. ఊళ్ళో వరసగా హత్యలు. హత్యలు చేసేదీ ఆయనే, ఆ కేసు విచారించేదీ ఆయనే. రాత్రి తాను వదిలిన వేలిముద్రలు పొద్దున తనకే దొరుకుతాయి, "ఎవడీ దుర్మార్గుడు?" అని తానే పళ్ళు కొరుకుతాడు. దయ్యం ఎస్సైని పట్టిందా, ఎస్సై దయ్యాన్ని పట్టాడా అన్నదే కథ. మన భాషలో ఎంత హాయి చూడండి, పోలీసు పనికీ దయ్యం పనికీ ఒకటే క్రియ.

పోస్టర్లు, కరపత్రాలు, పిక్చరు డబ్బా అన్నీ హిందూపురం బస్సులో మధ్యాహ్నం ఆటలోపు వస్తాయన్నారు. అందాకా నా నోరే దిక్కు. నారాయణప్ప ఒక కాగితం మీద తన చేత్తో రాసిచ్చాడు: "ఒక ఎస్సైకి దయ్యం పట్టింది. అతను ఎవరు? ఏమి చేశాడు? తప్పక చూడండి." కింద పిక్చరు పేరు, హాలు పేరు, ఆటల వేళలు. శుభ్రంగా ఉంది. చదివేసి ఇంటికి పోయి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

దానికి ముందు స్టేషన్‌కు వెళ్ళాలి. బస్టాండు ముందు బండ్లు ఆపరాదని చాటాలట. హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు నోటీసు చేతికిచ్చి, నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు.

"చూడు సూరీ, పదిన్నర లోపల ముగించుకో. ధర్మవరం నుంచి మన సారును చూసేకి వస్తాండారు."

"పెండ్లిచూపులా?"

"చూపులయిపోయినాయి. పిల్లకు సారు నచ్చినాడు, సారుకు పిల్ల నచ్చింది. పిల్ల నాయనది గూడా సరే. కానీ వాళ్ళింట్లో ఒక అవ్వ ఉండాది. ఆమె ఊ అంటేనే పెండ్లి. ఈ పొద్దు ఆమె స్వయంగా వస్తాంది."

"అంటే ఊ అంటాదిలేప్పా. సారుకు ఏం తక్కువ?"

"ముప్పై రెండేండ్లబ్బా ఆయనకు! పోలీసోనికి పిల్లనిచ్చేది లేదని మూడు సంబంధాలు పోయినాయి. ఇది గూడా పోతే ఇంగ పెండ్లి మాటే ఎత్తొద్దని చెప్పేసినాడు. పాపం, ఈ పిల్ల మీద మనసు పడినాడు."

ఎస్సై గారు హిందూపురం నుంచి బదిలీ అయి వచ్చి రెండు నెలలయింది. చెన్నేకొత్తపల్లి దగ్గర రైతుల బిడ్డ. దొంగను కూడా 'రాప్పా, కూర్చో' అని పిలిచే మనిషి. ఆ మధ్య దారిలో ఆటో ఆపి మరీ "నీ గొంతు బాగుంటాది సూరీ, వింటాంటా" అన్నారు. అలాంటి మనిషికి మేలు జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ బయటికి వచ్చాను. వచ్చి, ఆయన నెత్తిన దయ్యాన్ని కూర్చోబెట్టాను.

ఆటోలో కూర్చుని నారాయణప్ప కాగితం మళ్ళీ చదివాను. నాలోని కళాకారుడు నిద్ర లేచాడు. పాఠకులారా, మనిషిలోని మృగం లేచినా ఫరవాలేదు, ఎవరో ఒకరు కట్టేస్తారు. కళాకారుడు లేస్తే మాత్రం ఎవరూ ఆపలేరు.

"భాయ్, ఇందులో 'ఒక' అని రాసినాడు. 'ఒక ఎస్సై' అంటే ఎవడికి నొప్పి? లోకంలో ఇంతమంది ఎస్సైలు ఉండారు, వాళ్ళలో ఎవడికో పట్టిందంట, మనకేం అంటారు. 'మన' అని పెడతా. 'మన ఎస్సైకి దయ్యం పట్టింది' అంటే గుండెకు తగులుతాది."

ఖలీల్ భాయ్ వెనక్కి తిరిగి చూశాడు. "తగిలేది గుండెకేనా అబ్బా?"

"ఇంగోటి. పిచ్చర్ పేరు మొదటి రౌండులో చెప్పను. ఊరు ఒక గంట ఉడకాల. టిఫిన్ చేసుకుని రెండో రౌండులో చెప్తా."

"గొంతన్నా మారుస్తావా?"

"మార్చను. సర్కారు గొంతుతోనే చెప్తా. అదే టెక్నిక్."

ఖలీల్ భాయ్ నిట్టూర్చి కిక్కు కొట్టాడు. ఆ కిక్కు నాకు కొట్టి ఉండాల్సింది.

అలా ఊరంతా తిరిగాం. "ఇందుమూలముగా పెనుకొండ పురప్రజలకు తెలియజేయడమేమనగా, బస్టాండు ముందు ఆటోలు, ఎద్దులబండ్లు నిలపరాదు. నిలిపినచో చర్య తీసుకొనబడును. ఇట్లు, ఎస్సై. మరియు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మన ఎస్సై గారికి దయ్యం పట్టినది. పగలు దొంగలను పట్టుచున్నారు, రాత్రి గొంతులు పట్టుచున్నారు. ప్రజలు గమనించగలరు."

ప్రజలు గమనించారు. కిటికీలు తెరుచుకున్నాయి. ఇడ్లీ నోట్లో పెట్టుకున్నవాళ్ళు నమలడం మానేశారు. నెత్తిన గంప పెట్టుకున్న ఒకామె గంపను కింద దించి దండం పెట్టింది. నేను ఉబ్బిపోయాను. రెండో గొంతుతో ఇన్నాళ్ళు అరిచినా ఇంత స్పందన లేదు. పది గంటలకు బస్టాండు ఎదుట హోటల్లో దోసె ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఖలీల్ భాయ్ బ్యాటరీ మార్చడానికి వెళ్ళినప్పుడు, ఈ దేశంలో నాకన్నా ధైర్యంగా దోసె తిన్నవాడు లేడు.

అప్పుడొచ్చి కూర్చుంది నా ఎదురుగా ఒక అవ్వ. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉంది. మామిడిపండు రంగు పట్టుచీర. పక్కన ఆమె కొడుకు, చేతిలో పండ్ల సంచి, నోట్లో మాట లేదు. పట్టుచీర కట్టుకుని మరీ సినిమాకు వచ్చారంటే నా ప్రచారం పల్లెలకు కూడా పాకిందన్నమాట అనుకున్నాను. ధర్మవరంలో పొద్దున లేచి నీళ్ళు మోయడానికి కూడా పట్టు దొరుకుతుందన్న సంగతి ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదు.

"ఏమప్పా," అంది అవ్వ మెల్లగా. "బస్సు దిగినప్పట్నుంచి వింటాండాము. ఈ ఊరి ఎస్సైకి దయ్యం పట్టిండాదంట. నిజమేనా?"

"నిజమేనవ్వా," అన్నాను గర్వంగా. "పొద్దున్నుంచి మైకులో చెప్తాండేది నేనే."

"మైకులోనే చెప్తాండారా! నీకు ఎవరు చెప్పినారు?"

"పేపర్లో రాసిచ్చినారవ్వా. నేను ఊరికే చెప్పేటోన్ని కాదు."

"ఎట్ల పట్టిందంట?"

"టోపీలో నుంచి దూరింది. టోపీ తీస్తే బంగారం లాంటోడు. పెట్టుకుంటే మనిషే కాదు."

అవ్వ కొడుకు చెవిలో ఏదో గొణిగింది. "మనింటికి వచ్చిన దినం టోపీ లేకుండా వచ్చినాడు రా" అని గొణిగిందట. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"పెండ్లి గిండ్లి అయిందా ఆయప్పకు?"

"సగంలో అవుతాదవ్వా. అదే కదా ఘోరం. మొదటి రాత్రే పెండ్లాం గొంతు పట్టుకుంటాడు. కట్టుకున్న పట్టుచీర నలగదు, మనిషి మాత్రం ఉండదు."

అవ్వ చెయ్యి తన మెడ మీదికి పోయింది. నేను సంతోషంతో ఇంకొంచెం చట్నీ వేయించుకున్నాను.

"నువ్వు కండ్లారా చూసినావా నాయనా?"

"నిన్న హిందూపురంలో రెండుసార్లు చూసినా. రెండోసారి ఇంకా బాగా పిసికినాడు."

"హిందూపురంలో గూడానా!"

"ఆడనే కదవ్వా మొదలుపెట్టింది. నాలుగు దినాలు ఓర్చుకున్నారు. జనం తట్టుకోలేక పోతాండారని ఎత్తేసినారు. అందుకే ఈడికి తోలినారు."

"తెలిసి తెలిసీ ఈ ఊరికి తోలినారా!"

"ఈడ గూడా నిలబడకపోతే మడకశిరకు తోల్తారు. వాళ్ళకేమవ్వా, యాడో ఒకచోట ఆడాల. మీరేం భయపడొద్దండి. రెండున్నరకు మొదలుపెడతాడు. ముందే వచ్చి కూర్చోండి. ఆడోళ్ళకు వేరేగా చోటుండాది."

అవ్వ లేచి నిలబడింది. "లేయ్ రా," అంది కొడుకుతో. "ధర్మవరం బస్సు పట్టుకుందాం."

"అవ్వా, చూడకుండానే పోతాండారే?"

ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. "చూసినంత చాలు నాయనా. నీ కడుపు సల్లగుండ. మా పిల్లను కాపాడినావు."

దయ్యం పిక్చరుకు పిల్లను తేకపోవడం మంచిదేలే అనుకున్నాను. చూశారా నా తెలివి! అవ్వ 'ధర్మవరం' అంది, 'పిల్ల' అంది, ఎదురుగా పట్టుచీర ఉంది. ఇన్ని వేలిముద్రలు వదిలి వెళ్ళినా పట్టుకోలేని నన్ను చూసి ఆ పిక్చరులోని ఎస్సై అయినా జాలిపడేవాడు.

రెండో దోసె చెప్పబోతుంటే హెడ్డు ఓబులేసు హోటల్లోకి దూసుకొచ్చాడు. బెల్టు ఊడి ఒక చేతిలో ఉంది. అది నాకోసమని తర్వాత అర్థమైంది.

"ఓరి సూరిగా! ఏం చాటినావురా ఊరంతా?"

"ఏమప్పా, బాగుండలేదా?"

"స్టేషన్‌కు వచ్చి చూడు బాగుండేది! యాభై మంది ఉండారు. ఒకామె నిమ్మకాయలు తెచ్చింది, ఒకాయన వేపమండలు తెచ్చినాడు, ఇంగొకాయన సాంబ్రాణి పొగ వేసినాడు. సారు పాపం ఏమైందని బయటికొస్తే పొగకు కండ్లు ఎర్రగయినాయి. 'అదో కండ్లు చూడండి, పట్టింది నిజమే' అని అందరూ ఒక్క అరుపు! కంప్లయింట్ ఇచ్చేకి పరిగి నుంచి ఒక ముసలాయన వచ్చింటే, 'దయ్యం దిగినాక వస్తాలే' అని వెళ్ళిపోయినాడు. అది పోనీ, ధర్మవరం వాళ్ళు బస్సు దిగినారంట, స్టేషన్‌కు రాలేదు. పట్టుచీర కట్టుకున్న అవ్వ ఒకామె, పక్కన కొడుకు. నువ్వేమన్నా చూసినావా?"

నోట్లో దోసె ముక్క అక్కడే ఆగిపోయింది. ఖలీల్ భాయ్ బ్యాటరీ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయన నా మొహం చూశాడు, ఖాళీ కుర్చీలు చూశాడు, బ్యాటరీ కింద పెట్టి కూర్చున్నాడు.

"చూసినా ఓబులేసప్పా," అన్నాను. "చూడటమేమి, మొత్తం కథంతా చెప్పినా. గొంతు పిసికేది గూడా."

ముగ్గురం బస్టాండుకు పరుగెత్తాం, ఖలీల్ భాయ్ బ్యాటరీతో సహా. ధర్మవరం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అవ్వ మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"అవ్వా, దిగండి అవ్వా! అది సినిమా! ఎస్సైకి దయ్యం పట్టింది సినిమాలో!"

అవ్వ నా వెనక ఉన్న ఓబులేసు యూనిఫాం చూసింది, చేతిలోని బెల్టు చూసింది, నన్ను జాలిగా చూసింది. "పోలీసోళ్ళు నిన్ను బెదిరించినారా నాయనా?"

"లేదవ్వా! నిజంగా సినిమానే!"

"అర్థమయిందిలేప్పా. కొట్టేటప్పుడు ఎవరైనా అట్లనే చెప్పల్ల."

డ్రైవరు హారను కొట్టాడు. ఇక ఆలోచించే సమయం లేదు. నేను ఆలోచించకుండా చేసే పని ఒక్కటే, మైకు పట్టుకోవడం. హోటలు ముందు నిలిపిన ఆటోలోకి దూకి, బ్యాటరీ తగిలించి, సర్కారు గొంతుతోనే గట్టిగా అరిచాను: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మన ఎస్సై గారికి దయ్యం పట్టలేదు! పట్టలేదు! ఎవరూ నమ్మవద్దు!"

బస్టాండంతా నా వైపు తిరిగింది. తర్వాత ఒక గొంతు వినబడింది. "మైకు పెట్టి మరీ పట్టలేదంటాండారంటే, గట్టిగానే పట్టింటాది."

బస్సులో ఉన్న నలుగురైదుగురు దిగి ఇంకో బస్సు ఎక్కారు. అగళి నుంచి వచ్చిన ఒకాయన కన్నడంలో నాకు తెలియని దేవుళ్ళందరినీ పిలిచాడు. అప్పుడే గుంపు రెండుగా చీలింది. మధ్యలో నుంచి ఎస్సై గారు నడిచి వచ్చారు. కళ్ళు మిరపపండ్లు. భుజం మీద వేపాకులు. చొక్కా జేబులో ఎవరో దోపిన నిమ్మకాయ.

నేను ఆటోలో ఉన్నంత చోటులోనే చిన్నవాణ్ణయ్యాను. ఆయన ముందు నన్ను చూశారు. ఇక అయిపోయిందనుకున్నాను. నా కాళ్ళు కొట్టుకునే చప్పుడు మైకులో ఊరంతా వినిపిస్తోందని ఖలీల్ భాయ్ చెప్పి స్విచ్చు ఆపాడు.

"ఓబులేసూ, ముందు వీనికి ఒక టీ చెప్పు. వణుకుతాండాడు."

"సార్, నా చేతులు గూడా వణుకుతాండాయి. వీన్ని తాకేకి."

"టీ చెప్పమన్నా కదా."

ఆ తర్వాత ఆయన బస్సు కిటికీ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు. "నమస్కారం అవ్వా. ఇంత దూరం వచ్చి, చూడకుండా పోతాండారు."

అవ్వ వెనక్కి జరిగి కూర్చుంది. "టోపీ తీయప్పా ముందు."

"టోపీనా?"

"తీయ్."

తీశారు. అవ్వ పరీక్షగా చూసింది. "మళ్ళీ పెట్టుకో." పెట్టుకున్నారు. "ఇంగోసారి తీయ్." తీశారు. పెనుకొండ బస్టాండులో ఒక సబ్ ఇన్‌స్పెక్టరు టోపీ తీస్తూ పెడుతూ ఉంటే, ఊరు ఊరంతా మెడలు సాచి చూసింది. నేను టీ గ్లాసు పట్టుకుని, భూమి ఎప్పుడు చీలుతుందా అని చూశాను. పెనుకొండ రాతి నేల, అంత తొందరగా చీలదు.

ఇంతలో హిందూపురం బస్సు వచ్చింది. దాని పైనుంచి నారాయణప్ప మనిషి పిక్చరు డబ్బా దించాడు, దాంతోపాటు పోస్టర్ల చుట్ట. నేను పరుగెత్తి ఒక పోస్టరు లాక్కుని అవ్వ కిటికీ ముందు విప్పాను. కోరలు, టోపీ, టోపీ కింద ఎర్రటి కళ్ళు, ఒక చేతిలో లాఠీ, ఇంకో చేతిలో నవవధువు.

అవ్వ పోస్టరు చూసింది. ఎస్సై గారిని చూసింది. మళ్ళీ పోస్టరు చూసింది.

"కండ్లు ఒకటే మాదిరి ఉండాయి," అంది. "మీసం వేరే."

"అవ్వా," అన్నారు ఎస్సై గారు. "రెండున్నరకు ఈ పిచ్చర్ వేస్తారు. నేను గూడా వస్తా. చూసినాక మీరు పోతానంటే నేనే బస్సెక్కిస్తా. వద్దంటే వద్దు. చూడకుండా మాత్రం పోవద్దండి."

ఆ మాట అనేటప్పుడు ఆయన చెయ్యి కిటికీ కమ్మీని వదల్లేదు. అది చూసి మొదటిసారి నాకు నా వీపు గురించి కాకుండా ఆయన గురించి భయమేసింది. ఒక మనిషి మనసు పడిన పెళ్ళిని నేను దోసె తింటూ ముగించేశాను. అవ్వ కొడుకు భుజం పట్టుకుని బస్సు దిగింది.

హాలు నిండిపోయింది. నారాయణప్ప ఆనందం పట్టలేక నన్ను కౌగిలించుకున్నాడు. "రేపు ఇంగొకరికి పట్టించు సూరీ, తహసీల్దారుకు పట్టించు!" అన్నాడు. జనంలో సగం మంది తెర చూడటానికి, సగం మంది ఎస్సై గారిని చూడటానికి వచ్చారు. తెర మీద దయ్యం వచ్చినప్పుడల్లా అందరూ వెనక్కి తిరిగి మా వరస వైపు చూసేవాళ్ళు. మా వరసలో అవ్వ, ఆమె కొడుకు, ఎస్సై గారు, ఆయన పక్కన నేను. నేను పారిపోకుండా కూర్చోబెట్టారని ఓబులేసు అర్థం చేసుకున్నాడు. "వాడు పొద్దున్నుంచి సరిగ్గా తినలేదు" అని ఎస్సై గారు నాకు వేరుశనక్కాయలు కొనిచ్చారు. నమలడానికి ధైర్యం చాలక అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను.

అవ్వ పిక్చరు మొత్తం రెప్ప కొట్టకుండా చూసింది. గొంతు పిసికే చోట నా వైపు ఒక్కసారి వంగి, "నువ్వు చెప్పినంత బాగా పిసకలేదు" అని మాత్రం అంది.

పిక్చరు వదిలాక ఎండ ఇంకా ఉంది. హాలు ముందు అవ్వ ఆగింది. జనం కూడా ఆగారు, పోతున్నట్టు నటిస్తూ.

"దయ్యం సంగతి తెలిసిపాయె," అంది అవ్వ. "అది బొమ్మ. సరే. ఇంగ అసలు సంగతి చెప్తా. ఆ బొమ్మలో ఎస్సై దయ్యం పట్టకముందు గూడా దొరికినోన్నంతా కొడతానే ఉండాడు. దయ్యం పట్టినాక చంపినాడు. అంతే తేడా. నాకు దయ్యమంటే భయం లేదప్పా. స్టేషన్ కోపాన్ని ఇంటికి తెచ్చే మగోడంటేనే భయం."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. దయ్యాన్ని వదిలించడానికి చూపించిన పిక్చరే పోలీసును పట్టిచ్చింది!   ఎస్సై గారికి ఇంతకుముందు మూడు సంబంధాలు ఇదే మాట మీద పోయాయి.

అవ్వ నా వైపు వేలు చూపించింది. "ఈ మైకోడు ఊరంతటి ముందర నీ పరువు తీసె. పెండ్లి చెడగొట్టబట్టె. పొద్దున్నుంచి చూస్తాండా, వానికి టీ తాపిస్తివి, శనక్కాయలు తినిపిస్తివి. నీకు కోపం రాలేదా?"

"వచ్చిందవ్వా. శానా వచ్చింది."

"మరేం చేసినావు?"

"కూర్చోబెట్టినా. వచ్చిన కోపం ఇంకా ఆడనే కూర్చోనుండాది."

 అవ్వ కొడుకు చేతిలోని పండ్ల సంచి తీసి ఎస్సై గారి చేతిలో పెట్టింది. "పిల్లనిస్తాము. మంచి దినం చూసుకోండి."

జనం ఈలలు వేశారు. ఓబులేసు బెల్టు నడుముకు పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ధర్మవరం పట్టు గట్టిదని విన్నాను గానీ, అవ్వ పట్టు సడలిన ఆ క్షణం ఉంది చూడండి, అంత మెత్తటి పట్టు నేను మళ్ళీ చూడలేదు.

ఎస్సై గారు పండ్ల సంచిని ఓబులేసుకు ఇచ్చారు. "మాట ఖాయమే కదవ్వా? మళ్ళీ మారదు కదా?"

"మా ఇంట్లో మాట మారదు."

"ఎవరు చెప్పినా? ఏం జరిగినా?"

"చెప్తిని కదప్పా, మారదు."

"అయితే ఒక్క నిమిషం అవ్వా," అని ఆయన టోపీ తీసి శుభ్రంగా దులిపి, నెత్తిన సర్దుకుని, నా వైపు తిరిగారు. "పొద్దున్నుంచి కూర్చోబెట్టిన దాన్ని ఇప్పుడు లేపొచ్చునా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్కటే," అంది. "నా తరఫున గూడా కలిపి."

వీపు మీద పడింది. ప్రేమగానే కొట్టారు, నేను కాదనను. కానీ అది పోలీసు ప్రేమ. అరచేతిలో ఉన్న వేరుశనక్కాయలన్నీ ఒక్కసారిగా పైకెగిరి, జనం మీద అక్షింతల్లా పడ్డాయి. పిక్చరు మూడు వారాలు ఆడింది. పెళ్ళి ఇంకా ఆడుతోంది, హాయిగా.

అందువల్ల, ఈ గొంతు సాక్షిగా, ఆ గొంతుకు వెనకవైపున్న వీపు సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎస్సైలకే కాదు, హోంగార్డులకు కూడా దయ్యం పట్టించను. ఏ ఊళ్ళో, ఏ హోటల్లో, ఏ అవ్వ నా ఎదురుగా కూర్చుని ఫలానా మనిషి ఎట్లాంటోడు అని అడిగినా, 'తెర మీదనా, బయటనా?' అని ముందు నేనే అడుగుతాను. ఆమె జవాబు చెప్పేదాకా నోరు తెరవను. మరీ తెరవాల్సి వస్తే, దోసె కోసం మాత్రమే తెరుస్తాను.